నీళ్లలో విల్లు

మొన్న ప్రొద్దుటూరులో మా వీధికి పరుపులు కుట్టే మనిషొకడు దూది ఏకే మిషన్‌ను ఆటోలో వేసుకొచ్చాడు. గంటసేపు ఒకటే రొద, గాలినిండా దూదిపింజలు. కిటికీలు మూస్తుంటే శాక్సోఫోన్ మామ గుర్తొచ్చాడు.

ఆయన మాకు చుట్టం కాదు, మా చిన్నాన్న స్నేహితుడు. కొండాపురం దగ్గరి పల్లెలో దూదేకుల ఇంట్లో పుట్టాడు. మిషన్లు రాని ఆ రోజుల్లో వాళ్ల నాయన పెద్ద విల్లు నారిని టంగ్‌టంగ్‌మని మోగిస్తూ దూది ఏకేవాడు. కువైట్‌లో ఒక హోటల్ వంటింట్లో పనిచేస్తూ, అక్కడ జాజ్ వాయించే ముసలాయన దగ్గర శాక్సోఫోన్ నేర్చుకొచ్చాడు. చిన్నాన్నది పెళ్లిబ్యాండులో డ్రమ్ములు. కాలేజీలో ఫిజిక్సు చెప్పే నేను గాలిని, వానను, ఎర్రగుంట్ల సిమెంటు లారీల మోతను లాప్‌టాప్‌లో కలిపి వింత చప్పుళ్లు తయారుచేసేదాన్ని. వాటి మీద మామ అరబ్బు బాణీలు, చిన్నాన్న డప్పు దరువులు. అదే మా జాజ్. జమ్మలమడుగులో మా మొదటి కచేరీకి వచ్చిన పదిమందిలో ఒకాయన చివరిదాకా ఓపిగ్గా కూర్చుని, "మైకు టెస్టింగు అయిపోయిందా? ఇంగ మొదలుపెడతారా అప్పా?" అని అడిగాడు.

మామ వాళ్ల పల్లె జలాశయంలో మునిగిపోయింది, వాళ్ల నాయన గోరీతో సహా. ఆ తర్వాత ఆయన అటువైపు పోలేదు. నీళ్లలో శబ్దాలు పట్టే మైకు నేను కొన్నానని తెలిసి, "పాపా, ఒకసారి మా ఊరికి పోదాం పా" అన్నాడు. మిట్టమధ్యాహ్నం జాలరి పడవలో పోయి, ఆయన చూపించిన చోట మైకు దించి రికార్డింగు మొదలుపెట్టాను. నాకు గుడగుడ తప్ప ఏమీ వినిపించలేదు. హెడ్‌ఫోన్లు ఆయనకిచ్చాను. కాసేపటికి ఆయన వాటిని రెండు చేతులా చెవులకు అదుముకున్నాడు.

"విల్లు మోగుతాంది. మా నాయన దూది ఏకుతాండాడు."

"మోటారు పడవేమోలే అప్పా," అన్నాడు చిన్నాన్న. కనుచూపు మేరలో ఇంకో పడవ లేదు.

ఆ రికార్డింగును పులివెందుల కచేరీలో పెట్టాను. సగంలో మామ వాయించడం ఆపేశాడు. చిన్నాన్న కూడా ఆపాడు. ఆ నిశ్శబ్దంలో స్పీకర్లలోంచి టంగ్‌మని ఒక మోత. మామ ఒక స్వరం పలికించాడు. మోత ఆగింది, విన్నట్టుగా. ఆయన ఆపగానే మళ్లీ టంగ్. నా చేతులు లాప్‌టాప్ మీద లేవు, ఒళ్లో ఉన్నాయి. అట్లా ఎంతసేపు సాగిందో తెలియదు. స్టేజీ దిగుతుంటే ముందు వరసలోని అవ్వ అడిగింది: "తెర ఎనక వాయించే ఆయప్ప ఎవరమ్మా?" తెర వెనక గోడ తప్ప ఏమీ లేదు.

ఇంటికొచ్చి రికార్డింగు మొత్తం విన్నాను. ఉన్నది నీళ్ల చప్పుడే. వైరు వదులైందేమో, ఫ్యాను మోతేమో అని నాకు నేనే చాలా పాఠాలు చెప్పుకున్నాను. చిన్నాన్న ఆ మాట ఎత్తనివ్వడు. మామ మాత్రం తిరుగు బస్సులోనే తేలికపడ్డాడు. "నాయన్ను నీళ్లలో ఇడిసిపెట్టి వచ్చినానని శానా కుమిలిపోతాంటి పాపా. ఆయప్ప పనిలో ఉండాడులే."

ఇప్పుడు ప్రతి శుక్రవారం నమాజు కాగానే జలాశయం గట్టు మీద కూర్చుని వాయిస్తాడు. ఆ వేళకు గొర్రెల కాపరులు మందలను దూరంగా తోలుకుపోతారట. ఎందుకని నేను అడగలేదు. కాలం ముందుకే పోతుందని ఇన్నేళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. పోయిన కాలం ఎక్కడ ఉంటుందో, అక్కడ ఏం పని చేసుకుంటూ ఉంటుందో మాత్రం నాకు తెలియదు.