చెక్ పాటకు ఆది తాళం

మెల్‌బోర్న్ తెలుగువాళ్ళ విందుల్లో పీహెచ్‌డీ అన్న మాటకు మంచి మర్యాద ఉంది. ఆ మర్యాద "దేంట్లో?" అని అడిగేదాకానే. నేను "చెక్ సంగీతంలో" అనగానే, గారెల ప్లేటు పట్టుకున్న డాక్టర్ అంకుల్ నన్ను ఎక్స్‌రే చూసినట్టు చూశారు.

"మన కర్నాటక సంగీతం ఉండగా వాళ్ళదెందుకమ్మా? పోనీ, దాంట్లో జాబ్స్ ఏవన్నా ఉంటాయా?"

"లేవు అంకుల్."

"పర్మినెంట్ రెసిడెన్సీకి, అదే పీఆర్‌కి, పాయింట్స్ ఏవన్నా కలుస్తాయా?"

"పీఆర్ ఎప్పుడో వచ్చేసిందండీ."

"మరింకెందుకూ?" అని ఆయన నిజంగానే బాధపడ్డారు.

ఎందుకంటే, క్లేటన్ దగ్గర మా అమ్మాయిని బ్యాడ్మింటన్‌కి దింపే హాల్లో, పక్కగదిలో శనివారాలు చెక్ ముసలివాళ్ళ బృందమొకటి పాడుకునేది. గోడ అవతల నుంచి వినపడ్డ పాటలో మధ్యమం మన కల్యాణిలోలాగా పైకెక్కి కూర్చుంది. తెనాలిలో చీవాట్లు తింటూ సంగీతం నేర్చుకున్న చెవి నాది, ఊరుకుంటుందా? తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. వాళ్ళు కుర్చీ వేశారు, కేకు పెట్టారు. కొన్నాళ్ళకి యూనిలో సీటూ స్కాలర్‌షిప్పూ దొరికాయి. నేను మైకు పట్టుకుని దాదాపు ప్రతి శనివారం వాళ్ళ ఎదురుగా తయారు.

వాళ్ళు పాడేవి చెక్ దేశంలో మొరావియా అనే ప్రాంతపు పల్లెపాటలు. అందులో సాగదీసి పాడేవి ఒక రకం. వాటికి తాళం ఉండదు, పాడేవాళ్ళ ఊపిరే కొలత. పుస్తకాలన్నీ అదే చెబుతాయి. నా రికార్డింగుల్లో మాత్రం ఆ పాటలు బుద్ధిగా ఎనిమిదేసి లెక్కలకు నడిచాయి. ఎగిరి గంతేశాను. వలస వచ్చాక పాట తాళంలో పడిందన్నమాట! ఫ్యాక్టరీ షిఫ్టులు, రైళ్ళ వేళలు, ఆస్ట్రేలియా గడియారం అంటూ కారణాలన్నీ నేనే కనిపెట్టి ఒక అధ్యాయం రాసి పారేశాను. నా చదువు సాగాలో వద్దో తేల్చే రివ్యూ ఆ అధ్యాయం మీదే. అది పోతే స్కాలర్‌షిప్ పోతుంది, డాక్టర్ అంకుల్ గెలుస్తారు. రెండోదానికే నాకు ఎక్కువ భయం.

రివ్యూ దగ్గర పడ్డాక మా గైడు నా రికార్డింగులు విన్నది. ఈ దేశపు మనిషి, మాటలు బహు పొదుపు.

"ఈ చప్పుడేమిటి? ఎవరైనా దోమల్ని కొడుతున్నారా?" అంది.

హెడ్‌ఫోన్స్ తీసుకుని విన్నాను. ఠప్. కాసేపాగి మళ్ళీ ఠప్. వెంటనే ఇంకో ఠప్.

"అది నా తొడ," అన్నాను.

ఇలాంటి జవాబు ఆవిడకు ఏ విద్యార్థీ ఇచ్చి ఉండడు. వివరించక తప్పలేదు. మా సినిమా హీరోలు కొట్టేది వేరు, ఇది వేరు. పాట చెవిన పడితే మా చెయ్యి ఊరుకోదు, కచేరీలో ముందు వరస మొత్తం తొడలు చరుచుకుంటూనే వింటుంది, ఒక దెబ్బ, చిటికెన వేలితో మొదలుపెట్టి మూడు వేళ్ళ లెక్క, ఆపైన ఇంకో రెండు దెబ్బలు, ఇదే ఎనిమిది లెక్కల ఆది తాళం, చిన్నప్పుడు అది తప్పితే మా మాస్టారు స్కేలు తీసేవారు. ఆవిడ అంతా విని, "అయితే నువ్వు వాళ్ళని రికార్డు చెయ్యలేదు. నడిపించావు," అంది.

నిజమే. ఎదురుగా కూర్చుని తలూపుతూ తొడ చరుస్తున్న మనిషిని చూసి, ఆ మర్యాదస్తులు పాపం నా చేతి ప్రకారం పాడారు. యూనివర్సిటీ నుంచి వచ్చింది, ఇలాగే కావాలేమో అనుకున్నారు. వలసా, ఫ్యాక్టరీలూ, గడియారమూ అన్నీ నా తొడలోనే ఉన్నాయి.

ఇంట్లో చెబితే మా అమ్మాయి సోఫా మీంచి జారిపడేలా నవ్వింది. "అమ్మా, యూ బ్రోక్ చెక్ మ్యూజిక్!" నాకు మాత్రం ఏడుపొచ్చింది. స్నానాల గదిలోకి వెళ్ళి ఏడ్చాను కూడా.

ఆ శనివారం రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. "నన్ను చూడకుండా, మీ ఇష్టమొచ్చినట్టు పాడండి," అన్నాను. వాళ్ళు మొహమొహాలు చూసుకుని మొదలుపెట్టారు. పాట నెమ్మదిగా విచ్చుకుంది. ఒకరి ఊపిరి ఇక్కడ ఆగింది, ఇంకొకరిది అక్కడ. గోడ అవతల నుంచి మొదటిరోజు విన్నది ఇదే. తలుపు తోసి లోపలికి వచ్చాక మళ్ళీ వినలేదు.

ఆ రోజు తీసిన కొత్త రికార్డింగూ పాతదీ పక్కపక్కన వినిపించి రివ్యూలో గట్టెక్కాను. ముగ్గురు ప్రొఫెసర్ల ముందు నా తొడ గురించి అంతసేపు మాట్లాడతానని ఎన్నడూ అనుకోలేదు. అధ్యాయం మాత్రం తిరగరాయమన్నారు. పాటను వినేవాళ్ళు పాటను ఏం చేస్తారో రాయమన్నారు.

తరవాతి శనివారం సున్నుండలు పట్టుకెళ్ళాను. మైకు కార్లోనే వదిలేశాను. అందరికన్నా పెద్దావిడ, కర్ర ఆనించి కూర్చునే ఆవిడ, సున్నుండ నములుతూ, "నీ చెయ్యి ఏమైంది?" అంది.

"మీ పాట పాడుచేస్తోంది."

"అది నీ చదువు సంగతి. మేం ముసలివాళ్ళం. నువ్వు వచ్చేదాకా ఎవరి ఊపిరి వాళ్ళది, ఎప్పుడూ ఒకరి కోసం ఒకరం ఆగడమే. నీ చెయ్యి వచ్చాక అందరం ఒకచోట కలుస్తున్నాం. నువ్వు రాని వారాల్లో నేనే కొడుతున్నాను."

చూపించింది కూడా. ముడతల చేత్తో తొడ మీద ఒక దెబ్బ వేసి, చూపుడు వేలితో లెక్క మొదలుపెట్టింది. ఏదైనా మంచిమాట చెప్పాల్సిన సమయం.

"అలా కాదండీ," అన్నాను, "ముందు చిటికెన వేలు."