తెర మీద ‘లేదు’

ఆ రోజుల్లో, అంటే సూరత్‌కు వచ్చిన కొత్తలో, నాకు పని కొంచెమే వచ్చు, కోపం మాత్రం పూర్తిగా వచ్చు. కోపం గురించి బైబిల్ వాక్యం ఏం చెబుతుందో మా సంఘంలో పిల్లలకు నేర్పింది నేనే. అయినా మిల్లు కంప్యూటర్‌లోని ఆ ప్రోగ్రాంల జాబితా గుర్తొస్తే ఇవాళ్టికీ పళ్లు నూరుకుంటాను (ప్రభువు క్షమించాలి).

ఊరి శివారున సచిన్ అనే చోట ఒక బట్టల మిల్లులో కంప్యూటర్లు చూసుకునేవాణ్ని, ఇంకా ఉద్యోగం ఖాయం కాలేదు. ఒక శనివారం సేఠ్ పిలిచి, కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రాంలు ఉన్నాయో రాసివ్వమన్నాడు. రాసివ్వమన్నాడంతే, ముట్టుకోమనలేదు. జాబితా తెరిస్తే, మెయిల్ పంపే ప్రోగ్రాం అన్న వరుస ఎదురుగా ‘లేదు’ అని ఉంది. లేకపోతే రోజూ సరుకు చీటీలు వ్యాపారులకు ఎలా వెళుతున్నాయి? ఆ వరుసలో ఉన్న పేరుతోనే ఎక్కించబోతే ఉలుకూ పలుకూ లేదు. ఇంకేదో పేరుతో ఉన్న ప్రోగ్రాం దానికి అడ్డుపడుతోందని నిశ్చయించుకుని, ఆ అడ్డాన్ని తీసిపారేశాను. మెయిల్ పంపుతున్నది అదే! ఇప్పుడు ‘లేదు’ అన్నది నిజంగానే లేకుండా పోయింది.

“మెయిల్ కేమ్ బంధ్ ఛే, భాయ్?” అని సేఠ్ కేక, మెయిల్ ఎందుకు ఆగిపోయిందని. “రేపు పొద్దున్నకల్లా నడవకపోతే సోమవారం నువ్వు రావద్దు.”

ఆ ఆదివారం వాక్యం నేనే చదవాలనుకున్నాను. గురువారం నుంచి అద్దం ముందు సాధన చేస్తున్నాను. చదవడం మానుకుని, మిల్లులో కూర్చుని తీసేసినదాన్నే మళ్లీ ఎక్కించి, సెట్టింగులన్నీ మొదటి నుంచి పెట్టాను. మెయిల్ వెళ్లింది. జాబితా చూస్తే, ఆ వరుస ఎదురుగా మళ్లీ ‘లేదు’! కీబోర్డును ఒక్కటి గుద్దాను. దాని తప్పేమీ లేదు.

భేస్తాన్‌లో మా ప్రార్థన గదికి చేరేసరికి ఆరాధన అయిపోయింది. మగ్గాల మీద పనిచేసే జగిత్యాల మామ (నాకు చుట్టం కాదు, సంఘమంతటికీ మామే) గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాడు.

“ఏంది అల్లుడా, మొఖం గట్ల పెట్టినవ్?”

“వాక్యం ఎవరు చదివారు మామా?”

“నేనే. జర తడబడ్డ. ఏలు పెట్టుకుని సదివిన. నువ్వు రాలేదని వాక్యం బంద్ పెడ్తమా?”

ఆయన వెనక గోడ మీద నేను రాసిన కాగితమే ఉంది. వాక్య పఠనం, ప్రార్థన, పాటలు. ఒక్కదాని ఎదుటా మనిషి పేరు లేదు. మా వాళ్ల షిఫ్టులు వారం వారం మారతాయి కనుక, ఎవరికి వీలైతే వాళ్లు నిలబడాలని పని పేరే రాసేవాణ్ని. వాక్య పఠనం అనే మనిషి కోసం గదంతా వెతికితే దొరుకుతాడా? జాబితాలో ‘మెయిల్ పంపే ప్రోగ్రాం’ అన్నదీ అలాంటి పని పేరే; మిల్లులో నేను రెండు రోజులు వెతికింది అతణ్నే.

నా కోపం మాత్రం న్యాయమైనదే. ‘ఇది పని పేరు, చేస్తున్నది ఫలానా’ అని ఒక్క ముక్క తెర మీద రాస్తే ఏం పోయేది?

ఉద్యోగం నిలిచింది. మరుసటి ఆదివారం నేను లేవబోయేలోపే మామ లేచి, వేలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. అద్దం ముందు అంత సాధన చేసినవాణ్ని, కూర్చుని ఆమెన్ అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టు గుర్తు.