తాళం వేశానా, లేదా?

ఆయన ఎక్కడికి బయల్దేరినా సరే, సగం దారిలో ఠక్కున ఆగిపోతాడు. నుదుటి మీద చెయ్యి పెట్టుకుని, "తాళం వేశానా, లేదా?" అంటాడు. అంతే, ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఆపలేడు. వచ్చిన దారినే వెనక్కి పరుగు. పోనీ మతిమరుపు మనిషి అని సరిపెట్టుకుందామా అంటే, ఆయన వృత్తే తాళాలు బాగుచేయడం! ఎవరి తలుపు ఇరుక్కున్నా, ఎవరి బీరువా మొరాయించినా ఆయనే దిక్కు. ఊరందరి తాళాలకూ పూచీ పడే మనిషికి తన దుకాణం తాళం మీద మాత్రం చిటికెడు నమ్మకం లేదు. జనం ఎదురుగా 'తాళాలాయన' అంటారు, చాటుగా 'యూటర్న్ గారు' అంటారు.

ఈ యూటర్న్ గారికి ఒక బావమరిది ఉన్నాడు. చెప్పుల షాపులో సేల్స్‌మన్. మనిషి గుండ్రంగా ఉంటాడు, మాట నున్నగా ఉంటుంది. కాలికి పట్టని చెప్పును కూడా "రెండు రోజుల్లో మీ మాట వింటుందండీ" అని అంటగట్టగల సమర్థుడు. అంతటివాడికీ బావ పేరెత్తితే నోరు పడిపోయేది. ఎవరైనా "యూటర్న్ గారు మీకేమవుతారు?" అని అడిగితే, "మా అక్కకి భర్త అవుతారు" అనేవాడు. తనకేమీ కానట్టు!

పాపం, అతని బాధ అతనిది. అక్క పెళ్ళి రోజునే పరువు గంగలో కలిసింది. పెళ్ళికొడుకు కారు మంటపం వీధి మలుపు దాకా వచ్చి, గిర్రున తిరిగి వెళ్ళిపోయింది. పెళ్ళికొడుకు పారిపోయాడని ఆడపెళ్ళివారంతా లబోదిబోమన్నారు. మేనమామ కర్ర పట్టుకుని బయల్దేరాడు కూడా. కాసేపటికి పెళ్ళికొడుకు చెమటలు తుడుచుకుంటూ, వెలిగిపోతున్న మొహంతో లోపలికొచ్చాడు.

"వేసే ఉందండీ!" అన్నాడు అందరికీ శుభవార్త చెబుతున్నట్టు.

సినిమాలన్నీ ఆయన ఇంటర్వెల్ దాకానే చూశాడు. చివరికి ఎవరు బతికారో, ఎవరు పోయారో ఇంటికొచ్చాక భార్య చెప్పాలి. ఆమె చెప్పినా నమ్మకం తక్కువే. "నువ్వు సరిగ్గా చూశావా?" అంటాడు.

బావమరిది ఈ జబ్బు కుదర్చాలని కంకణం కట్టుకున్నాడు. తాళం వేశాక ఫోన్లో ఫోటో తీసుకోమన్నాడు. బావ బుద్ధిగా తీసుకున్నాడు. సగం దారిలో ఆ ఫోటో చూసుకుని, "ఇది నిన్నటిదేమో?" అన్నాడు. సరే, సాక్షిని పెడదామని పక్క బేకరీ ఆవిడను పిలిచి, ఆమె కళ్ళ ముందే తాళం వేయించాడు. సందు చివరికొచ్చేసరికి బావ కాళ్ళు బరువెక్కాయి.

"ఆవిడ చూసింది కదా బావా!"

"చూసిందిలే. కానీ అప్పుడే ఓవెన్ గంట మోగింది. అటు తిరిగిందేమో?"

బావమరిది చేతులెత్తేశాడు.

అయితే ఈ పిచ్చి వల్ల ఒక లాభం జరిగింది. ఏళ్ళ తరబడి దుకాణానికీ దారికీ మధ్య పరిగెత్తీ పరిగెత్తీ ఆయన కాళ్ళు ఇనుప కడ్డీల్లా తయారయ్యాయి. ఏటా కోతలకు ముందు ఆ ఊళ్ళో మారథాన్ జరుగుతుంది. మారథాన్ అని పేరే గానీ దూరమెంతో ఎవరికీ కచ్చితంగా తెలియదు. కొలవడానికి వెళ్ళినవాడు మధ్యలో భోజనానికి ఆగి, ఎక్కడిదాకా కొలిచాడో మరిచిపోయాడట. బస్టాండు దగ్గర మొదలై మొక్కజొన్న చేల మధ్య నుంచి, కాలువ గట్టు మీదుగా, పొద్దుతిరుగుడు తోటలు చుట్టి మళ్ళీ బస్టాండుకే వస్తుంది. అందులో యూటర్న్ గారిదే ముందంజ. పంపుషెడ్డు దాకా ఆయన దుమ్మును కూడా ఎవరూ అందుకోలేరు. పంపుషెడ్డు దగ్గర మాత్రం ఆగుతాడు. నుదుటి మీద చెయ్యి పెట్టుకుంటాడు. తిరుగుతాడు. ఆ తిరగడం చూడ్డానికే జనం గొడుగులు వేసుకుని అక్కడ కాచుకుని ఉంటారు. గెలవాల్సిన మనిషి ఏటా అందరికంటే ఆఖర్న వచ్చేవాడు.

అలాంటి మారథాన్‌లో బావమరిది స్వయంగా ఇరుక్కున్నాడు. నోటిదూల! ఒకరోజు ఎవరో కొనేవాడు షూ అటూ ఇటూ తిప్పి పెదవి విరిస్తే, మనవాడికి పౌరుషమొచ్చింది.

"ఈ షూ వేసుకుంటే మీరెందుకు సార్, నేను కూడా మారథాన్ పరిగెత్తేస్తాను!"

గల్లాపెట్టె దగ్గర కునికిపాట్లు పడుతున్న యజమాని కళ్ళు తెరిచాడు. "అయితే పరిగెత్తు" అన్నాడు.

"సార్, అది మాటవరసకి..."

"నేను మాటవరసకి అనట్లేదుగా. ఈ షూయే వేసుకుని, ఛాతీ మీద మన షాపు పేరు రాసుకుని పరిగెత్తు. చివరిదాకా వచ్చావా, మన పేరు ఊరంతా మోగుతుంది. ట్రాక్టరెక్కావా, మర్నాటి నుంచి నీ మొహం నాకు చూపించకు."

ఆ ట్రాక్టర్ సంగతి చెప్పాలి. వెనకబడ్డవాళ్ళను ఏరుకుంటూ పందెం వెనకాలే ఒక ట్రాక్టర్ వస్తుంది. అది ఎవరిని దాటితే వాళ్ళు ట్రాలీ ఎక్కాల్సిందే. ఊరికే ఎక్కించుకుని ఊరుకున్నా బాగుండేది. ట్రాలీలో మైకు పట్టుకుని వేలంపాటలాయన కూర్చుంటాడు. ఎక్కినవాళ్ళ పేరు, వృత్తి, ఎక్కడ చతికిలబడ్డారో అన్నీ రాగం తీసి మరీ చెబుతాడు. పైగా చప్పట్లు కొట్టమంటాడు.

బావమరిదికి ముద్ద దిగలేదు. ఎవరూ లేనప్పుడు బావ కాళ్ళ మీద పడ్డాడు. రోజూ పొద్దున్నే ఇద్దరూ సాధన మొదలుపెట్టారు. సగం దూరం పోయాక బావ వెనక్కి, బావమరిది టీకొట్లోకి.

"ఏం కంగారుపడకు. ఆ రోజు నేనున్నానుగా!" అన్నాడు బావ.

"నువ్వు ఉండవు బావా. నీ ప్రత్యేకతే అది" అన్నాడు బావమరిది ఏడుపు గొంతుతో.

ఆ రోజు రానే వచ్చింది. బస్టాండు ముందు గీత గీశారు. గీత పక్కనే కుర్చీ వేసుకుని యజమాని కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన అక్క నీళ్ళ సీసాతో నిలబడింది.

"బావా, నీకు దణ్ణం పెడతాను. ఈసారన్నా వెనక్కి తిరక్కు" అన్నాడు బావమరిది. "ఎలాగూ నేను పరువు తీస్తాను. నువ్వన్నా గెలిచి నిలబెట్టు."

"అలాగేలే" అన్నాడు బావ. అక్క ఎందుకో నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఈల వేశారు. బావ బాణంలా పోయాడు. బావమరిది కూడా పోయాడు గానీ, మొదటి మొక్కజొన్న చేను దాటేసరికే అతని ఊపిరి అతని కంటే ముందు పరిగెడుతోంది. రిటైరైన హెడ్మాస్టరు దాటిపోయారు. పసిపిల్లను బండిలో తోసుకుంటూ ఒక తల్లి దాటిపోయింది, పిల్ల చెయ్యి ఊపింది కూడా. కాలువ గట్టెక్కేసరికి అడ్డంగా గొర్రెల మంద. అవి దాటేదాకా ఆగి ఊపిరి పీల్చుకుందామనుకున్నాడు. అవి చెప్పినట్టు వినే గొర్రెలు కాబోలు, చిటికెలో దారి ఇచ్చేశాయి. మనసులోనే వాటిని తిట్టుకున్నాడు.

అప్పుడు వినిపించింది వెనకనుంచి, డుగ్ డుగ్ డుగ్ మని.

"ఎవరండీ ఆ వెళ్ళేది? మన చెప్పుల షాపు సేల్స్‌మన్ గారు!" మైకు మోగింది. వేలంపాటలాయనకు హుషారెక్కింది. "చూడండి బాబూ, చూడండి! షూ కొత్తది, మనిషి పాతవాడు! ఒకటోసారి!"

బావమరిది కళ్ళు మూసుకుని పరిగెత్తాడు. కళ్ళు తెరిచి చూస్తే ఇందాకటి చెట్టు దగ్గరే ఉన్నాడు.

"రెండోసారి! ఎక్కండి సార్, మొహమాటమెందుకు? గడ్డి పరిచాం, మెత్తగా ఉంటుంది!"

అతనికి కళ్ళ ముందు యజమాని మొహం కనిపించింది. ఇక పరిగెత్తడం తన వల్ల కాదు. ఇన్నేళ్ళు మాటలతో బతికినవాడికి ఇప్పుడు బతిమాలుకోవడానికి ఒక్క మాట కూడా రాలేదు. గట్టు మీద కూలబడబోయాడు.

సరిగ్గా అప్పుడే ఎదురుగా దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి బావ ఊడిపడ్డాడు, ఎదురుదిక్కుగా పరిగెడుతూ!

"బావా! నువ్వు ముందున్నావు కదా!"

"ఉన్నాను. పంపుషెడ్డు దగ్గర అనుమానం వచ్చింది. తాళం వేశానా, లేదా?"

బావమరిదికి ఒళ్ళు మండింది. "నీ తాళం తగలెయ్య! ఇక్కడ నా కొంప మునుగుతుంటే!"

"నీ దారిన నువ్వు పోవయ్యా, నిన్నెవరు ఆపారు?" అంటూ బావ అతన్ని దాటి వెళ్ళి ట్రాక్టర్‌కు ఎదురుగా నిలబడ్డాడు. గట్టు ఇరుకు. ఆయన్ని దాటుకుని పోయే దారి లేదు. డ్రైవరు బ్రేకు వేశాడు.

"పక్కకి జరగండి బాబాయ్. మీ దుకాణం తాళం ఎక్కడికీ పోదు" అన్నాడు.

"నాది సరేనయ్యా. మరి నీ ఇంటి తాళమో?"

"వేశానుగా."

"లాగి చూశావా?"

డ్రైవరు తల గోక్కున్నాడు. "చూసే ఉంటాను..." అన్నాడు.

"చూసే ఉంటావు" అన్నాడు బావ సానుభూతిగా. "నేనూ రోజూ అలాగే అనుకుంటాను."

డ్రైవరు మొహంలో రంగు మారింది. స్టీరింగు మీద వేళ్ళు టకటకలాడాయి. "పొద్దున్న హడావిడిలో వచ్చానండీ... పెరటి తలుపు కూడా..."

ట్రాలీలో వేలంపాటలాయన పకపకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయాడు. మైకు చేతిలోనే ఉంది. "అది సరే గానీ, నేను ఇస్త్రీ పెట్టె ఆపానా?" అన్నాడు.

ఆ ప్రశ్న మైకులోంచి చేలన్నిటి మీదుగా పోయింది. నీళ్ళు అందించేవాళ్ళ చేతుల్లో గ్లాసులు ఆగిపోయాయి. గొడుగుల కింద జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకావిడకు పొయ్యి గుర్తొచ్చింది. ఒకాయనకు కుళాయి గుర్తొచ్చింది. గొర్రెల కాపరికి దొడ్డి తలుపు గుర్తొచ్చింది. మరుక్షణంలో పొలాలకడ్డం పడి సగం ఊరు ఇళ్ళకు పరిగెత్తింది. ఆ సంవత్సరం పందెంలో నమోదైనవాళ్ళ కంటే నమోదు కానివాళ్ళే ఎక్కువ వేగంగా పరిగెత్తారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ట్రాక్టర్ కూడా ఆ గట్టు మీదే నానా తంటాలు పడి తిరిగి, డుగ్ డుగ్ మంటూ వెనక్కి వెళ్ళిపోయింది.

"ఇంకా నిలబడ్డావేం? పద!" అన్నాడు బావ.

"నువ్వు దుకాణానికి పోవా?"

"పోతాలే. ఆ కరెంటు స్తంభం దాకా నీతో వచ్చి పోతాను."

స్తంభం వచ్చింది, పోయింది. "ఆ తోట మలుపు దాకా" అన్నాడు. అదీ పోయింది. బావమరిది దారంతా ఆయన్ని తిడుతూనే ఉన్నాడు. తిట్టే ఊపులో కాళ్ళు వాటంతటవే కదిలాయి. పొద్దుతిరుగుడు తోట ఎప్పుడు దాటిందో తెలియలేదు. బస్టాండు కనిపించింది. గీత దాటి యజమాని ఒళ్ళో పడ్డాడు. యజమాని అతని షూకేసీ, మొహంకేసీ చూసి, "చిరగలేదు! రెండూ చిరగలేదు!" అని ఎగిరి గంతేశాడు. వెనకాలే బావ తాపీగా గీత దాటాడు. ఎప్పటిలాగే ఆఖరివాడు.

బావమరిది ఇంకా రొప్పుతూనే ఉన్నాడు. బేకరీ ఆవిడ దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "మీకు తాళమని చెప్పారా?"

"అవునండీ. ఏం?"

"పోయినేడు ట్రాక్టర్ నా వెనకే ఉంది. నాతో ఇస్త్రీ పెట్టె అన్నారు."

పోస్టాఫీసు గుమస్తా తల దూర్చాడు. "అంతకుముందేడు నాతో కుళాయి అన్నారే! బస్టాండు దాకా నన్ను కబుర్లలో పెట్టి లాక్కొచ్చారు." హెడ్మాస్టరు గొంతు సవరించుకుని, ఒక ఏడాది తనకు కూడా కిటికీ రెక్క అని చెప్పారని ఒప్పుకున్నారు.

బావమరిది అక్కకేసి తిరిగాడు. "ఏంటక్కా ఇదంతా?"

"పందెం రోజున అసలు దుకాణమే తెరవరురా వెర్రిమొహమా! ముందురోజే తాళం వేసి, తనివితీరా లాగి లాగి చూసుకుని, తాళంచెవి నా చేతికిచ్చేస్తారు. ఏడాది మొత్తంలో ఆయన నిశ్చింతగా ఉండేది ఆ ఒక్క రోజే."

బావ బెంచీ మీద కూర్చుని కాళ్ళు నొక్కుకుంటున్నాడు. బావమరిది వెళ్ళి పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్ళు ఈ మనిషి తనకేమీ కానట్టు మాట్లాడినందుకు సిగ్గేసింది.

"నిజం చెప్పొచ్చు కదా బావా. గెలుపు పోయిందని ఊరంతా నవ్వుతుంటే..."

"వెనకబడ్డావు, తోడొస్తాను రా అంటే ఎవరికైనా చిన్నతనంగా ఉండదుటోయ్? తాళం కోసం వచ్చానంటే నన్ను చూసి నవ్వుకుంటారు, తిట్టుకుంటారు. ఆ ధ్యాసలో నాలుగడుగులు పడతాయి." చటుక్కున తలెత్తి అటూ ఇటూ చూశాడు. "ట్రాక్టరతను వచ్చాడా?"

"ఇంకా లేదు."

"అయ్యో, పాపం! లేనిపోని బెంగ పెట్టాను. ఎదురెళ్ళి ధైర్యం చెప్పి తీసుకొస్తాను" అంటూ లేచి, చేల దారిన మళ్ళీ పరుగు మొదలుపెట్టాడు.

బావమరిది ఒక్క క్షణం తన పాదాలకేసి చూసుకున్నాడు. అవి ఉబ్బి బన్నుల్లా ఉన్నాయి. షూ రెండూ విప్పి యజమాని చేతిలో పెట్టాడు.

"మా బావండీ ఆయన! సొంత బావ!" అని అరుస్తూ, బొబ్బలెక్కిన కాళ్ళతో కుంటుకుంటూ ఆయన వెంట పడ్డాడు. "ఆగు బావా, నేనూ వస్తున్నా!"

"ఒరేయ్, ఛాతీ మీద షాపు పేరుందిరా!" వెనకనుంచి యజమాని షూ రెండూ ఊపుతూ లబలబలాడుతున్నాడు. "షూ వేసుకుని పోరా నాయనా!"