నీలి దీపం కింద మా చెల్లెలు

మా చెల్లెలు ఈ నెల మొదట్లో వెళ్ళిపోయింది. బర్మాలో, సంచౌంగ్‌లోని మా ఇంట్లోనే, మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నది మరి లేవలేదు. గుండె ఆగిందన్నారు. ఫోన్లు కలవక, నెట్ లేక, విశాఖలో ఉన్న మా వాళ్ళకు కబురు అందేసరికి దహనం కూడా అయిపోయింది. ఆమె ఏం పని చేసేదో ఇక్కడివాళ్ళలో కూడా తెలిసినవాళ్ళు తక్కువ. పెద్దదాన్ని కనుక నేను చెప్పాలి.

నీళ్ళలోనో, పాలలోనో, మనిషి గాయంలోనో బాక్టీరియా బతికి ఉందా లేదా అని చూడడం ఆమె చదువు, ఉద్యోగం. ఆ చూడడం కూడా అప్పటికప్పుడు, కళ్ళ ముందు. ఎలాగని ఒకసారి అడిగాను. చిక్కుళ్ళు ఒలుస్తూ చెప్పింది.

"పాత పద్ధతిలో అవి పెరిగి కనపడీదాకా రోజులు కాసుక్కూసోవాలప్పా. ఈలోపల మనిషి సంగతి తేలిపోద్ది. నా సీసాలో ఉన్నవి ఫ్లోరసెంట్ అణువులు. మామూలుగా సీకటే. బతికున్న బాక్టీరియా వాటిని మింగి అరిగించుకుందనుకో, అప్పుడు నీలి దీపం కింద ఎలుగుతాయి."

"మరి సచ్చినవి?"

"సచ్చినవాటికి ఆకలేటప్పా?"

నేను పూజలో ఉంటే గుమ్మం బయటే నిలబడేది. హారతి అయ్యాక సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చి కళ్ళకద్దుకునేది. దేవుడి దగ్గర కూడా ల్యాబు కడుగుడేమిటే అని ఏడిపించేదాన్ని. "దేవుడికి జొరమొస్తే నువ్వు తట్టుకోలేవు కదా" అనేది. మొహంలో నవ్వు ఉండేది కాదు. కళ్ళలో ఉండేది.

సైన్యం గద్దె లాక్కుంటే జనం వీధుల్లోకి వచ్చిన ఆ రోజుల్లో ఆమె కూడా ల్యాబు పని మానేసి వాళ్ళతో నిలబడింది. తరవాత దేశం తలుపులు మూసుకున్నట్టయింది. విమానాలు లేవు, పార్సిళ్ళు లేవు. బయటినుంచి రావలసిన ఆ అణువుల సీసాలూ ఆగిపోయాయి. చివరికి మా ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన, రెండు చిన్న సీసాలు మిగిలాయి. వాటిలో ఒకటి తను ఏళ్ళుగా చేస్తున్న నీటి పరిశోధన ముగించడానికి దాచుకుంది. అది ముట్టుకోవద్దని నాకు గట్టిగా చెప్పింది.

అప్పుడే వంతెన అవతలి తాకేటా నుంచి మా పిన్ని కబురు పంపింది. ఆమె మనవరాలు, బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే పిల్ల, సైనికులు రాకుండా వీధికి కట్టిన అడ్డుకట్ట దగ్గర రేకు కోసుకుని ఎడమ పాదం చీల్చుకుంది. సమ్మెలో ఉన్న బర్మా డాక్టరమ్మ ఒకామె చాటుగా వచ్చి మందు వేస్తోంది. పాదం వాచింది. లోపల బాక్టీరియా ఇంకా బతికే ఉంటే ఆస్పత్రికి చేర్చి పాదం తీసేయవలసి రావచ్చు. చేర్చాలంటే వంతెన మీద సైనికుల ముందునుంచి వెళ్ళాలి. గాయమైన పిల్లను చూస్తే వాళ్ళు ఊరుకోరు. బాక్టీరియా చచ్చి ఉంటే మటుకు ఇంట్లోనే మానుతుంది. ఏదో ఒకటి ఆ రోజే తేలాలి.

టిఫిను క్యారియరు పై గిన్నెలో అన్నం, కింది గిన్నెలో మంచుముక్కల మధ్య రెండు సీసాలు. నీలి దీపం, వెలుగు కొలిచే చిన్న మీటరు కూరల సంచి అడుగున. అలా వెళ్ళాం. వంతెన దగ్గర సైనికుడు క్యారియరు మూత తీసి చూసి మళ్ళీ పెట్టేశాడు. నేను నామం చెప్పుకుంటూనే ఉన్నాను.

గాయం మీద దూదిపుల్ల అద్ది, మొదటి సీసాలో ముంచి, నీలి దీపం వేసింది. సీసా అంతా పచ్చగా వెలిగిపోయింది. డాక్టరమ్మ మొహం పాలిపోయింది. టాక్సీ పిలవమని బయటికి కేకేసింది. పిన్ని గోడకు జారబడి ఏడుపు మొదలుపెట్టింది.

మా చెల్లెలు కదల్లేదు. "ఎలగడానికి కొంతసేపు పట్టాల. ఇది ముందే ఎలిగిపోయింది" అంది తనలో తను.

ఇంకో దూదిపుల్ల తీసి గాయానికి అద్ది, మామూలు నీళ్ళలో ముంచింది. ఆ అణువులు ఒక్క చుక్క కూడా వెయ్యలేదు. అదీ వెలిగింది. అప్పుడు దీపాన్ని మెల్లగా పక్కకు తిప్పింది. పిన్ని వేళ్ళు వెలిగాయి. వెనక గడప వెలిగింది.

"పిన్నీ, గాయం మీద ఏటెట్టావు?"

"పసుపెట్టాను. పొద్దున్నే కట్టిప్పి ఎట్టాను. ఏటి, పసుపెట్టకూడదేటే?"

"ఎట్టొచ్చు. ఆ డాక్టరమ్మకొక మాట సెప్పి ఎట్టొచ్చు. పసుపు దీపం కింద దానంతటదే ఎలుగుద్ది. లేపోతే నీ గడపక్కూడా పాదం తీసెయ్యాలి."

మంచం మీద పిల్ల నొప్పిలోనే ఫక్కున నవ్వింది.

డాక్టరమ్మ గాయాన్ని పసుపు పోయేదాకా కడిగింది. మా చెల్లెలు రెండో సీసా తీసింది. నేను ఆమె మొహంలోకి చూశాను. ఆమె నావైపు చూడలేదు. మూత విప్పేసింది.

ఈసారి చీకటి. మీటరు మీద అంకె కదులుతుందేమోనని అందరం మంచం చుట్టూ వంగి కూర్చున్నాం. డాక్టరమ్మ ఉండబట్టలేక, "సయామా, దీన్ని నమ్మొచ్చా?" అంది. టీచరమ్మనూ, చదువుకున్న ఆడవాళ్ళనూ వాళ్ళు గౌరవంగా పిలిచే పిలుపు అది.

"నమ్మడం మా అప్ప పని. నా పని చూడడం. మీరూ చూడండి" అని బర్మీస్‌లో జవాబిచ్చింది.

చూశాం. టాక్సీ అతను రెండుసార్లు హారను కొట్టాడు. అంకె పెరగలేదు. చీకటి చీకటిగానే ఉంది. మందు పని చేసింది. వాపు ఉన్నా లోపల బతికి ఉన్నవేవీ లేవు. డాక్టరమ్మ లేచి వెళ్ళి టాక్సీని పంపేసింది. తిరిగొచ్చి మా చెల్లెలి చేతులు రెండూ పట్టుకుంది. 

తిరుగుదారిలో నేనే అడిగాను, ఆ రెండో సీసా నీ పరిశోధనది కదే అని.

"తొందరగా తెలియడం కోసమే కదప్పా ఇదంతా. తెలిసింది" అంది.

ఆ పరిశోధన ముగియలేదు. సీసాలు మళ్ళీ రాలేదు. ఆమె పేరు ఏ పత్రికలోనూ పడలేదు. దాని గురించి నొచ్చుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు మాత్రం గర్వం. దేవుడి ముందు చెప్పుకోదగ్గ గర్వం అని అనుకుంటున్నాను.

దహనం నాడు తాకేటా పిల్ల వచ్చింది. వద్దంటున్నా వినకుండా శ్మశానం దాకా చెప్పుల్లేకుండా నడిచింది. తిరిగొచ్చాక మన ఆచారం ప్రకారం వాకిట్లో కాళ్ళ మీద నీళ్ళు పోసుకుని, "పెద్దమ్మా" అంటూ నా దగ్గరకు వచ్చి కూర్చుంది. వాకిలి నుంచి నా దాకా గచ్చు మీద తడి అడుగులు పడ్డాయి. కుడి పాదం, ఎడమ పాదం. ఎడమ దాంట్లో మచ్చ ఉన్నచోట కొంచెం పొడి. అయిదు వేళ్ళూ పడ్డాయి. ఎవరూ తొక్కకుండా, అవి వాటంతటవే ఆరేదాకా చూస్తూ కూర్చున్నాను.