తెల్ల టీచరు పక్కకు జరిగిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంటి ముందుగదిలో ఒక తెల్లావిడ ఏడాదిపాటు ఉండి వెళ్లింది. కారేపల్లి దాటి ఇల్లందు వైపు వెళ్తుంటే అడవి మొదలయ్యేచోట మా ఊరు. ఊరి పక్క వాగు అవతల కోయగూడెం ఉండేది. ఆ గూడెం పిల్లలకు బడి లేదని, ఏదో సేవాసంఘం వాళ్లు ఆవిడను సముద్రాలు దాటించి పంపించారు. జీతం లేదట. పాతికేళ్లు కూడా నిండని పిల్ల, కన్నవాళ్లను వదిలి, ఊరికే చదువు చెప్పడానికి ఇంత దూరం ఎందుకు వచ్చిందో మా ఊళ్లో ఎవరికీ అంతుపట్టలేదు. అందరూ దొరసాని అనేవారు. నేను మాత్రం అక్కా అని పిలిచేదాన్ని. అలా పిలిచే హక్కు ఊరు మొత్తంలో నా ఒక్కదానికే ఉందని నా నమ్మకం.

మొదటి నెలంతా ఆవిడ నాదే. పొద్దున్నే బావి దగ్గర నేను నీళ్లు తోడితే ఆవిడ మొహం కడుక్కునేది. మా నాయనమ్మ చేసిన జొన్నరొట్టె పచ్చిమిరపకాయ తొక్కుతో తిని, కళ్లనిండా నీళ్లతో నవ్వేది. చెంబు, చేట, చీపురు అంటూ నేను ఒక్కొక్కటే చూపిస్తుంటే పలికేది. నా స్నేహితురాళ్లు గోడ మీదినుంచి తొంగిచూసేవాళ్లు. నేను చూడనట్టు ఉండి, గొంతు ఇంకాస్త పెంచి పాఠం చెప్పేదాన్ని.

తర్వాత ఆవిడ మాటల్లోకి గూడెం వచ్చింది. సాయంత్రం అలిసిపోయి వచ్చి గడప మీద కూర్చుంటే అన్నీ అక్కడి ముచ్చట్లే. నీళ్లను వాళ్లు ఏరు అంటారట. ఇప్పపువ్వు రాలే కాలంలో తెల్లవారకముందే పిల్లలంతా తల్లుల వెంట అడవికి పోతే, ఆవిడా వెళ్లి చెట్ల కిందే అక్షరాలు చెప్పిందట. అన్నిటికంటే ఎక్కువగా ఒక పిల్ల పేరు వినిపించేది. నా ఈడుదే. తల్లి లేదు. దాని తలలో పేలు తీసి, కానుగనూనె రాసి, రోజూ బడి మొదలయ్యేముందు ఆవిడే జడ వేసేదట. ఎర్ర రిబ్బను కూడా ఆవిడ కొనిచ్చిందే.

ఆ రిబ్బను మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. నా జుట్టు నడుము దాకా ఉండేది. నాయనమ్మ వేసిన జడ వాకిలి దాటకముందే విప్పేసుకుని, ఆవిడ కళ్లముందే అటూ ఇటూ తిరిగేదాన్ని. ఆవిడ ఒక్కసారైనా దువ్వెన అందుకుంటుందేమోనని ఆశ. ఆవిడ గమనించలేదు. గమనించింది నాయనమ్మే.

"ఏందే, జడ ఇప్పుకొని గట్ల దయ్యం లెక్క తిరుగుతున్నవ్?" అంది ఒకరోజు. నాయనమ్మ నా మొహంలోకి చూసి, ఆపైన ముందుగది వైపు చూసింది. మర్నాడు మా బడికి సెలవు. ఆవిడ సంచి భుజాన వేసుకుని బయల్దేరుతుంటే నాయనమ్మ నన్ను ముందుకు నెట్టింది.

"గీ పిల్లను గూడ తీస్కపో బిడ్డా. ఇంట్ల ఉంటే నా పాణం తింటది."

వాగు దాటి గూడేనికి చేరేసరికి ఎండ ఎక్కుతోంది. బడి అంటే తాటాకు పందిరి, అలికిన నేల, గుంజకు ఆనించిన నల్లబల్ల, ఒక ముక్కాలి పీట. పిల్లలు ఆవిడను చూడగానే పరుగెత్తుకొచ్చి చేతులకు వేలాడారు. ఆ పిల్ల రాలేదు. నేరుగా పందిరిలోకి వెళ్లి పీట ముందు వీపు తిప్పి కూర్చుంది, అది తన చోటే అయినట్టు. ఆవిడ పీట మీద కూర్చుని దువ్వెన తీసింది. నేను గుంజకు ఆనుకుని నిలబడ్డాను. ఆ నల్లటి పాయల మధ్య ఆ తెల్లటి వేళ్లు కదులుతుంటే నా కడుపులో ఎవరో నిప్పు రాజేసినట్టుంది. కన్ను తిప్పుకుందామంటే తిరగలేదు.

సరిగ్గా అప్పుడే ఒక యువకుడు సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. సర్కారువాళ్లు ఆ గూడేనికి కొత్తగా వేసిన పంతులు. అతనూ కోయవాడే, ఆశ్రమ పాఠశాలలో చదువుకున్నాడు. ఆవిడకు నమస్కారం పెట్టి, పిల్లల వైపు తిరిగి వాళ్ల భాషలో ఏదో అన్నాడు. ఒక్కటే మాట. నాకు అర్థం కాలేదు, ఆవిడకూ అర్థమైనట్టు లేదు. పిల్లలు మాత్రం పకపకా నవ్వి, అతని చుట్టూ మూగారు. నెలల తరబడి నోరే విప్పలేదని ఆవిడ చెప్పిన పిల్లాడు అతని చొక్కా పట్టుకుని ప్రశ్న మీద ప్రశ్న అడుగుతున్నాడు. ఆ పిల్ల కూడా ఆగలేదు. సగం అల్లిన జడతోనే లేచి పరుగెత్తింది. రిబ్బను ఆవిడ వేళ్ల మధ్యే మిగిలిపోయింది.

నా లోపల పండగైంది. బాగా అయింది అనుకున్నాను. ఆ సంబరం కళ్లారా చూసుకోవాలని ఆవిడ మొహం వైపు తిరిగాను. తిరిగాక నవ్వలేకపోయాను. ఆ మొహం నాకు బాగా తెలిసినదే. పెదవులు నవ్వుతున్నాయి, కళ్లు ఆ పిల్ల వెనకాలే వెళ్తున్నాయి. ఇన్నాళ్లూ నేను మోస్తూ తిరిగిన మొహమే అది. ఇల్లూ దేశమూ వదిలొచ్చి ఇన్నాళ్లు చేసినదంతా ఒక్క మాటతో అతని వైపు వెళ్లిపోయింది.

ఆవిడ లేచి వాగు వైపు నడిచింది. నేనూ వెంట వెళ్లాను. బండ మీద కూర్చుని పాదాలు నీళ్లలో పెట్టింది.

"కోపమొచ్చిందా అక్కా?" అన్నాను.

"కోపం లేదు. ఇక్కడ మంట." పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. "నీకు తెలుసా మంట?"

"తెలుసు."

"ఎవరి మీద?"

"ఆ జడ పిల్ల మీద."

ఆవిడ నా వైపు తిరిగింది. విరబోసుకున్న నా జుట్టును మొదటిసారి చూసినట్టు చూసింది. ఓదారుస్తుందనుకున్నాను. తప్పు అంటుందేమోనని కూడా భయపడ్డాను. రెండూ చెయ్యలేదు.

"నాకు ఉంది, నీకు ఉంది. ఉండనీ," అంది, తనకొచ్చిన తెలుగులో. "మంట పని మంటది. చేతుల పని చేతులది."

మొహం కడుక్కుని లేచింది. పందిరిలోకి వెళ్లి తన పీట తీసుకెళ్లి ఆ పంతులు ముందు పెట్టింది. అతను మొహమాటపడితే భుజం పట్టి కూర్చోబెట్టింది. తను పిల్లల వెనక నేల మీద, నా పక్కన కూర్చుంది. అతను చెప్పేవన్నీ వాళ్లతో కలిసి పలికింది. తప్పులు పలికితే పిల్లలు విరగబడి నవ్వారు. ఆవిడ మళ్లీ పలికింది. ఒక చెయ్యి మాత్రం మళ్లీ పొట్ట మీదికి చేరి అక్కడే ఉండిపోయిందని నేను చూశాను.

మధ్యాహ్నం పిల్లలు చెదిరినప్పుడు ఆ పిల్ల వచ్చి, సగం జడ సంగతి గుర్తొచ్చి, వీపు తిప్పి కూర్చుంది. ఆవిడ దువ్వెన, రిబ్బను నా చేతిలో పెట్టింది.

"నువ్వు వెయ్యి."

వద్దని అనలేకపోయాను. మొదట గట్టిగానే లాగాను. ఆ పిల్ల అబ్బా అని తల వంచింది. వంచినప్పుడు మెడ మీద సన్నటి వెంట్రుకలు, నూనె జిడ్డు, చెవి వెనక మానుతున్న పుండు కనిపించాయి. వేళ్లు వాటంతటవే నెమ్మదించాయి. అల్లి, రిబ్బను ముడేశాను. ఆ పిల్ల తడిమి చూసుకుని, నా వైపు తిరిగి, బాగుంది అన్నట్టు తలూపి పరుగెత్తింది. నా జుట్టు ఆవిడ ముట్టుకోలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా. ఇంటికొచ్చాక నాయనమ్మే దువ్వి జడ వేసింది.

మిగిలిన నెలలూ ఆవిడ గూడేనికి వెళ్తూనే ఉంది. పాఠం ఆ పంతులు చెప్పేవాడు. జ్వరం వచ్చిన పిల్లల్ని బస్సెక్కించి ఇల్లందు దవాఖానాకు ఆవిడ తీసుకెళ్లేది. వెళ్లిపోయే రోజున పిల్లలు పెద్దగా ఏడవలేదు. వాళ్లకు వాళ్ల పంతులున్నాడు.

"ఇన్నొద్దులు జేస్తే ఒక్క పోరడన్న ఏడుస్తలేడేంది?" అని నాయనమ్మ నొచ్చుకుంది.

"మంచిది కదమ్మా," అంది ఆవిడ. అంటూనే ఏడ్చింది.

చాలా ఏళ్ల తర్వాత నాకు ఉద్యోగమొచ్చి, నా కూతురు మా అత్తగారి చేతుల్లో పెరిగింది. ఒకసారి దానికి జ్వరమొస్తే సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. ఒళ్లో పడుకోబెట్టుకుని జావ తాగిస్తుంటే, గడపలో అత్తగారి అడుగు వినిపించగానే అది నా చేతుల్లోంచి జారి, తూలుకుంటూ ఆవిడ దగ్గరికి వెళ్లిపోయింది. మంట లేచింది. ఇప్పటికీ లేస్తుంది, మనవల దగ్గర కూడా. అది చెడ్డదని నన్ను నేను తిట్టుకోను, లేదని బుకాయించను. ఆ రోజు లేచి, చాప మీద అత్తగారికి చోటిచ్చి, జావ గిన్నె ఆవిడ చేతికిచ్చాను. నా కూతురు గిన్నె ఖాళీ అయ్యేదాకా తాగింది.