లచ్చవ్వ, మూడో డబ్బా

నిన్న ఒక రైతు ఇంటి వసారాలో, వాన జల్లుకు తడిసిన యూరియా సంచి విప్పగానే ఘాటు గుప్పున ముక్కుకు కొట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా దగ్గర కొత్తగా పరిశోధనకు చేరిన శిరీష ముక్కు మూసుకుని దూరం జరిగింది. నేను మాత్రం ఇంకొంచెం వంగాను. ఆ ఘాటు తగిలినప్పుడల్లా నాకు లచ్చవ్వ గుర్తొస్తుంది. ఆమె పోయి మూడేళ్ళయింది. నాకు పాఠాలు చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు కానీ, పని నేర్పింది మాత్రం ఆమే.

కోరుట్ల నుంచి ఇబ్రహీంపట్నం పోయే దారిలో ఒక పల్లె ఆమెది. సొంతానికి జానెడు భూమి లేదు, కూలి పనే ఆధారం. కానీ యూరియా చల్లడంలో ఆమె చెయ్యి ఆ చుట్టుపక్కల పేరున్న చెయ్యి. నడుముకు తట్ట ఆనించుకుని, అడుగుకొక పిడికిలి చొప్పున విసురుకుంటూ పోతే, పది రోజుల తర్వాత పైరు దువ్విన తలలా ఒకే ఎత్తున, ఒకే రంగులో ఉండేది. "లచ్చవ్వ చెయ్యి పడాలె" అని రైతులు ముందే చెప్పి పెట్టుకునేవారు.

నేను సిరిసిల్లలో సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు మధ్య పెరిగినదాన్ని. వ్యవసాయం నాకు పుస్తకాల్లోనే పరిచయం. జగిత్యాలలో ఒక ఆఫీసులో పరిశోధనకు చేరితే, మా సారు నాకు అప్పగించిన పని వినడానికే వింతగా ఉండేది. పొలంలో వేసిన యూరియాలో కొంత పైరు తింటుంది, కొంత నీళ్ళతో పోతుంది, ఇంకొంత నేలలోని సూక్ష్మజీవుల పాలబడి నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువై గాలిలో కలుస్తుంది. మడి తడిసి, ఆరి, మళ్ళీ తడుస్తుంటే అది మరీ ఎక్కువ. రంగు లేదు, మన ముక్కుకు అందే వాసన లేదు. భూమి వేడిని పట్టి ఉంచడంలో మాత్రం బొగ్గుపులుసు వాయువు దాని ముందు దిగదుడుపే. అది ఎంత లేస్తుందో కొలవడానికి లచ్చవ్వ ఊళ్ళో ఒక పటేల్ గారి వరి మడిలో మూడు చోట్ల రేకు పీటలు దిగేశాను. వాటి మీద పారదర్శకమైన డబ్బా బోర్లించి, లోపలి గాలిని సిరంజితో లాగి, చిన్న సీసాల్లో నింపి పెట్టాలి.

మొదటి రోజే లచ్చవ్వ గట్టు మీద గొంతుకూర్చుని చూసింది.

"ఏం జేత్తున్నవ్ బిడ్డా?"

"గాలి పడుతున్న అవ్వా."

"లోకమంత గాలే ఉండంగ, గీ మడిల గాలే గావాల్నా నీకు?"

యూరియా గాలవుతుందని చెప్పాను. ఆమె ఆలోచించింది. "సంచి తడిత్తె కండ్లు మండుతయ్. గదేనా?"

"అది వేరే అవ్వా. దీనికి వాసన రాదు."

"వాసనే రాదంటివి, కండ్లకు కనవడదంటివి. మరి ఉన్నదని నీకెవలు జెప్పిన్రు?"

"హైదరాబాదుల మిషను ఉన్నది. అది చెప్తది."

"మిషనుకు ఎవలు జెప్పిన్రు?"

సగం రాత్రి పుస్తకాలు తిరగేసి మర్నాడు జవాబు తీసుకుపోతే, ఆమె ఇంకో ప్రశ్న సిద్ధంగా పెట్టుకుంది. ఆ పంట కాలంలో నేను చదివినంత మా పరీక్షలకు కూడా చదవలేదు.

తెలంగాణ ఉద్యమం ఊరూరా రాజుకున్న ఏడాది అది. సమ్మెతో బస్సులు ఆగాయి. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక మోటార్లు మూగబోయి, మళ్ళు నెర్రెలు విచ్చేవి. యూరియా కోసం రైతులు చెప్పులు వరుసలో పెట్టి ఎండలో పడిగాపులు కాసేవారు. అలా తెచ్చిన యూరియాను లచ్చవ్వ ఆఖరి దఫాగా చల్లుతున్న రోజునే కోరుట్ల రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. ఆడవాళ్ళను ఎక్కించుకోవడానికి వచ్చిన ట్రాక్టరు రోడ్డు మీద ఆగి ఒకటే హారన్.

"నువ్వు ఎక్కు బిడ్డా, నీకు గూడ తెలంగాణ గావాలె గద! నేను గీ మూల సల్లి అత్త," అని లచ్చవ్వ మడిలోంచి కేకేసింది.

చల్లడం ముగిసేదాకా గట్టు మీద నిలబడి, చూసింది చూసినట్టు రాసుకోవడం నా ఉద్యోగం. నేను ఒక్క పరుగున పోయి ట్రాక్టరెక్కి, నోటుబుక్కు మోకాలి మీద పెట్టుకుని "సమంగా చల్లారు" అని రాసేశాను. ఆ రోజు కోరుట్లలో నడిరోడ్డు మీద అన్నం వండి, జై తెలంగాణ అని గొంతు పోయేదాకా అరిచాం. లచ్చవ్వ మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా పప్పు వడ్డించింది. అలసిందనుకున్నాను.

బస్సుల్లేక ఆ వారమంతా ఆమె ఇంట్లోనే ఉన్నాను. పొద్దున్నే సర్వపిండి చేతిలో పెట్టి మడికి పంపేది. సీసాలన్నీ ఆమె బియ్యం డబ్బా పక్కన భద్రంగా కూర్చున్నాయి. సమ్మె సడలాక హైదరాబాదు చేర్చాను.

ఫలితాలు వచ్చేసరికి వరి కోతకొచ్చింది. మొదటి రెండు డబ్బాల అంకెలు దాదాపు ఒకటే. మూడోది వాటికి ఎన్నో రెట్లు! సారు కాగితం చూసి, "డబ్బాలో ఏదో లోపం ఉంటుంది. ఆ అంకె తీసెయ్యమ్మా" అన్నారు. తీసేస్తే నా పంట కాలంలో మూడో వంతు గాలికి పోయినట్టే, ఉంచితే ఎందుకొచ్చిందో చెప్పుకోలేను. ఏడుపు మొహంతో మడికి పోతూ, దారిలో ఎదురైన లచ్చవ్వకు మూడో అంకె తీసెయ్యమన్నారని చెప్పుకున్నాను.

మడి అంతా బంగారంలా పండింది. మూడో పీట చుట్టూ మాత్రం చాపంత మేర ముదురాకుపచ్చగా ఉంది. పటేల్ గారు అక్కడే నిలబడి ఉన్నారు.

"గిదేంది మేడమ్? మీ డబ్బా కాడనే వరి పండకపాయె. నాకు జెప్పకుంట ఎక్కువ మందు ఏసిన్రా? నమ్మి మడి ఇత్తె గిట్ల జేత్తరా? అచ్చే పంటకు మీ డబ్బాలు నా పొలంల వద్దు."

గట్టు మీద గడ్డి కోస్తున్న లచ్చవ్వ కొడవలి పక్కన పెట్టి లేచింది.

"పటేలా, ఆ పొల్లను అనకు. నాతోని అయిన తప్పది. పీట నీళ్ళల్ల కనవడలే. ట్రాక్టరు పోతదని తొందరల ఉరికితె కాలు తట్టుకున్నది, తట్ట ఒరిగింది. అందినకాడికి ఎత్తి సల్లిన. మిగిలింది కాలుతోని బురదల తొక్కిన."

"గప్పుడే ఎందుకు జెప్పలే?"

"లైన్ల నిలవడి తెచ్చిన మందు. ఏ మొఖంతోని జెప్పాలె?" తర్వాత నా వైపు తిరిగింది. "నీ పీట పలిగిందేమో అని గూడ భయపడ్డ బిడ్డా. నీ డబ్బకు ఏం గాలే. అది ఉన్నదే జెప్పింది."

రెండో పంట యాసంగిలో పటేల్ గారు ఆ మడిలో యూరియా చల్లడానికి వేరే మనిషిని పిలిచారు. ఆ సంగతి తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను. పీటకు గుర్తుగా ఒక జెండా పుల్ల కూడా పాతలేదు నేను. చల్లేటప్పుడు చూడలేదు. శిక్ష ఆమెకు పడింది. ఆమె ఇంటికి పోయి అడిగాను: "నువ్వు చెప్పకుంటే ఎవరికీ తెలిసేది కాదు గద అవ్వా?"

"గాలి పడుదామని పొద్దుగాల నేను మొఖం గడగకముందే ఉరికేటిదానివి. గంత కట్టం జేసి పట్టినదాన్ని పారబోత్తంటే సూసుకుంట కూసుండాల్నా?" అని కసిరింది. కాసేపటికి గొంతు తగ్గించి, "ఇంకోటి జెప్తా ఇను. తట్ట ఒరగకున్నా, నింపుకునేకాడ ప్రతిసారి రెండు పిడికిళ్ళు రాలుతయ్. ఎవల చెయ్యి అయినా గంతే. గాడ పెట్టు నీ డబ్బా" అంది.

పెట్టాను. మరుసటి పంటలో, వేరే రైతు మడిలో, ఆమెను వెంటబెట్టుకుని, ఆమె వేలు చూపిన చోటల్లా పెట్టాను. ఆ డబ్బాల్లోనూ అంకెలు అలాగే ఎగిశాయి. వాయువు మడి అంతా ఒకే తీరుగా లేస్తుందనుకుని లెక్క కట్టేవాళ్ళం. మనిషి ఎక్కడ నిలబడ్డాడో, ఎక్కడ తట్ట దించాడో కూడా కొలవాలని మాకెవరికీ తట్టలేదు. సారు మూడో డబ్బా అంకెను కారణంతో సహా ఉంచారు. ఆ ఫలితాలతో అచ్చయిన వ్యాసంలో లచ్చవ్వ పేరు మాత్రం రాలేదు. పట్టుబట్టి అడగాల్సింది, అడగలేదు. ఆ ముల్లు ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది. నా దగ్గర చేరినవాళ్ళ పట్టికలన్నిటిలో "చల్లినవారు" అని ఒక గడి పెట్టించింది అందుకే.

నిన్న ఆ వసారాలో సంచి మూతి కడుతుంటే శిరీష పట్టిక తెచ్చి చూపించింది. "మేడమ్, ఈ ఒక్క అంకె చాలా ఎక్కువగా ఉంది. తీసేద్దామా?"

నేను అంకె చూడలేదు. పక్క గడి చూశాను. పేరు లేదు. గుండ్రటి అక్షరాలతో "సమంగా చల్లారు" అని ఉంది.

"దగ్గరుండి చూశావా?" అని అడిగాను.

ఆ పిల్ల తల దించుకుంది. నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. చేతులు దులుపుకుని లేచాను.

"పద. చల్లినామె ఇల్లెక్కడో కనుక్కుందాం."