ఫెర్రెట్ లిస్టులో పదమూడో నంబరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడి పటం తర్వాత అంత భక్తిగా చూసే వస్తువు చెక్‌లిస్టు. మా నాన్న కొన్నాళ్ళు అమెరికాలో, ఆ తర్వాత కెనడాలో ఉద్యోగం చేసి, అక్కడే స్థిరపడడానికి కావలసిన పీఆర్ కాగితాలన్నీ ఒక్క తప్పు లేకుండా తనే నింపుకున్న మనిషి. ప్రతి కాగితానికీ ఒక నంబరు, ప్రతి నంబరు పక్కన ఒక టిక్కు. ఆ టిక్కులే తనను గట్టెక్కించాయని ఆయన నమ్మకం. నంబర్లు వేసి ఇంగ్లీషులో ప్రింటు తీసి ఇస్తే గోడ ఎక్కమన్నా ఎక్కేవాడు. నోటితో చెబితే మాత్రం ఇల్లు అంటుకుందన్నా తలెత్తేవాడు కాదు.

మేం కెనడాలోని విన్నిపెగ్‌లో ఉండేవాళ్ళం. మన ఊళ్ళ నుంచి చదువుకోవడానికి పిల్లలు గుంపులు గుంపులుగా దిగుతున్న సంవత్సరాలవి. బస్సుల్లో, కాఫీ షాపు కౌంటర్ల వెనక, గోడౌన్లలో ఎక్కడ చూసినా మన పిల్లలే. ఉండడానికి గదులు దొరికేవి కావు. అలాంటి కాలంలో ఇంటి కింద నేలమాళిగలాంటి బేస్‌మెంట్ ఉన్న ప్రతి తెలుగువాడూ ఓ చిన్న జమీందారే. మా బేస్‌మెంట్‌లో ఒకే గదిలో నలుగురు అమ్మాయిలు అద్దెకుండేవారు. మా నాన్న వాళ్ళను 'కింద పిల్లలు' అనేవాడు, అదేదో తనే పెంచి పోషిస్తున్నట్టు. మా అమ్మ మూడోనాటి సాంబారు కిందికి పంపించి, ఆ దానధర్మం గురించి గుడిలో కనిపించినవాళ్ళందరికీ చెప్పుకునేది. నేను వాళ్ళిద్దరినీ మించిన ఘనురాలిని. స్కూల్లో ఫ్రెండ్స్ దగ్గర వాళ్ళను 'బేస్‌మెంట్ పీపుల్' అనేదాన్ని. అప్పుడు నాకు పదేళ్ళు. తెలుగు అర్థమయ్యేది కానీ, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే ఇచ్చేదాన్ని. అదీ ఒక గొప్పే అనుకునేదాన్ని.

ఆ నలుగురిలో నన్ను పలకరించేది నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన అక్క ఒక్కతే. పొద్దున కాలేజీ, సాయంత్రం పెంపుడు జంతువులు అమ్మే దుకాణంలో పార్ట్‌టైమ్ పని. చలి మొదలైనప్పటి నుంచి ఆమె మా నాన్నకు మూడు సంగతులు చెబుతూనే ఉంది. కింది గదిలోకి వెచ్చని గాలి వచ్చే వెంట్‌కు మా నాన్నే అట్టముక్క అడ్డం పెట్టి టేపు వేశాడు, వేడంతా పైకే రావాలని. కిటికీ తెరుచుకోకుండా మేకులు కొట్టి ఉంది. పొగ వస్తే అరవాల్సిన అలారం ఊరికే కీచుమంటోందని బ్యాటరీ పీకేశారు.

"అంకుల్, బగ్గ చలి పెడుతుంది. జర ఆ అట్ట తీస్తరా," అని ఆమె మెట్ల మీద నిలబడి అడగడం నాకిప్పటికీ గుర్తుంది. "చూద్దాంలేమ్మా. మేం వచ్చిన కొత్తలో ఇంతకన్నా కష్టాలు పడ్డాం," అన్నాడు మా నాన్న, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. ఆయన వచ్చిన కొత్తలో కంపెనీవాళ్ళు హోటల్లో పెట్టి, పొద్దున్నే టిఫిను కూడా పెట్టారు. ఆ హోటల్ ముందు దిగిన ఫొటోలు మా ఆల్బమ్‌లో ఉండేవి.

ఫెర్రెట్ గొడవ ఆ చలికాలంలోనే వచ్చింది. ఫెర్రెట్ అంటే మన ముంగిసకు దూరపు చుట్టంలా కనిపించే పొడుగాటి పెంపుడు జంతువు. రెండేళ్ళుగా నేను దానికోసం ఇంట్లోవాళ్ళ ప్రాణం తీస్తున్నాను. ఎవరూ పట్టించుకోలేదు. ఎడ్మంటన్‌లో ఉండే నాన్న స్నేహితుడు ఒక జాతి కుక్కను కొని రోజుకో ఫొటో పంపడం మొదలుపెట్టాకే నా మొర ఆలకించారు. కుక్కంటే అమ్మకు భయం. పిల్లి అందరిళ్ళలోనూ ఉంటుంది. ఫెర్రెట్ అయితే మనవాళ్ళలో ఎవరికీ లేదు. మా నాన్నకు ఆ ఒక్క కారణం చాలు.

దాని వాసన పూజగదికి తగలకూడదు కాబట్టి బేస్‌మెంట్‌లోనే ఉంచాలని అమ్మ తీర్పు చెప్పింది. అమ్మాయిల గదిలో ఒక మూల పంజరం పెట్టాలని నాన్న నిర్ణయించాడు. వాళ్ళను అడగలేదు, సామాను కాస్త జరుపుకోమన్నాడంతే. పైగా అక్కకే పని పురమాయించాడు. "నువ్వు ఆ షాపులోనే కదమ్మా చేసేది. తెచ్చేముందు ఏమేం సిద్ధం చేయాలో ఓ లిస్టు పట్రా."

ఆమె మర్నాడే రెండు పేజీలు తెచ్చింది. ఇంగ్లీషులో ప్రింటు తీసిన పన్నెండు నంబర్లు. మా నాన్న వాటిని కళ్ళకద్దుకోవడం ఒక్కటే తక్కువ.

శనివారం మధ్యాహ్నం గది చూసి రమ్మని నన్ను పంపారు. లిస్టు పట్టుకుని గది మధ్యలో ఇన్‌స్పెక్టర్‌లా నిలబడ్డాను. అక్క నన్ను చూసి, "నిలబడి చూస్తే ఏం కనిపియ్యదు. అదెంత ఎత్తుల ఉంటదో అంత ఎత్తుల పండుకొని చూడు. తల పట్టే సందుంటే చాలు, ఒళ్ళంత దూరిపోతది," అంది. నేను బోర్లా పడుకున్నాను. వాషింగ్ మెషీన్ వెనక సందు కనిపించింది. ఫెర్రెట్ కొరికి మింగేసే రబ్బరు చెప్పులు కనిపించాయి. పక్కపక్కనే ఇరికించిన నాలుగు పరుపులు, వాటి అంచుల్లో నల్లటి చెమ్మ కనిపించాయి. అంతలో నేల చల్లదనం స్వెటర్ దాటి పొట్టలోకి దిగింది. నా నోట్లోంచి ఆవిరి వచ్చింది. ఎందుకింత చలి అని ఇంగ్లీషులో విసుక్కున్నాను. "ఎనిమిదో నంబర్ చదువు," అందామె.

ఫెర్రెట్ ఉండే గదిలోకి వెచ్చని గాలి ధారాళంగా రావాలి, వెంట్‌కు ఏదీ అడ్డం ఉండకూడదు. అది ఎనిమిది. కిటికీ తెరుచుకోవాలి. అది తొమ్మిది. పొగ అలారం పనిచేయాలి. అది పది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా ఫెర్రెట్ చలికి వణికిపోతుందని ఏడుస్తూ పైకి పరుగెత్తాను. ఆ గదిలో అప్పుడు నలుగురు మనుషులు కోట్లు వేసుకుని, కాళ్ళ మీద దుప్పట్లు కప్పుకుని కూర్చుని ఉన్నారు. వాళ్ళకోసం నాకు ఒక్క చుక్క రాలేదు. ఈ వయసులో కూడా ఆ ఏడుపు తలచుకుంటే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఆ రెండు రోజుల్లో మా నాన్న మోకాళ్ళ మీద కూర్చుని టేపు పీకాడు, అట్ట తీశాడు, మేకులు లాగాడు, కొత్త అలారం బిగించాడు. ఒక్కొక్క పని కాగానే ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టాడు. "పాపం, మూగజీవం కదా," అన్నాడు. మూడు నెలలుగా నోరున్న మనిషి మెట్ల మీద నిలబడి చెప్పింది మాత్రం ఆయన చెవికెక్కలేదు.

ఆ మరుసటి వారం పంజరంలో కట్టే చిన్న ఉయ్యాల కొనడానికి అక్క పనిచేసే దుకాణానికే వెళ్ళాం. కౌంటర్ మీద, ఫెర్రెట్ కొనేవాళ్ళకు ఇచ్చే కాగితాలు దొంతరగా పెట్టి ఉన్నాయి. ఒకటి తీసి చదివాను. తొమ్మిదే నంబర్లున్నాయి. వెచ్చని గాలి, కిటికీ, అలారం అందులో లేవు. తలెత్తితే కౌంటర్ వెనక అక్క నన్నే చూస్తోంది. బతిమాలలేదు. "చెప్తవా?" అని మాత్రం మెల్లగా అడిగింది.

నేను చెప్పలేదు. మంచితనం కొద్దీ కాదు. చెబితే ఫెర్రెట్ ఎక్కడ ఆగిపోతుందోనని నోరు మూసుకున్నాను.

తిరిగి వస్తుంటే కారులో మా నాన్న హుషారుగా ఉన్నాడు. "గది భలే తయారైంది. ఇంత మంచి గది ఆ నలుగురికీ ఎందుకు? నెలాఖరుకి ఖాళీ చేయమందాం. ఫెర్రెట్ తిరగడానికి జాగా ఉంటుంది, నా ట్రెడ్‌మిల్లూ అక్కడ పెట్టుకోవచ్చు," అన్నాడు. "ఈ చలిలో ఎక్కడికి పోతారండీ," అని అమ్మ అంది, అనాలి కాబట్టి. "ఎక్కడో ఓ చోట దొరుకుతుందిలే," అన్నాడాయన. బయట చలి మైనస్ ముప్ఫై. వెనక సీట్లో నా ఒళ్ళో ఫెర్రెట్ ఉయ్యాల, మెత్తటి ఉన్ని గుడ్డతో కుట్టింది. దాన్ని చేత్తో తడుముతుంటే నా పొట్టకు మళ్ళీ ఆ నేల తగిలినట్టయింది. అక్క గది కోసం అబద్ధం రాసింది. నేను గనక ఇప్పుడు ఊరుకుంటే ఆ గదే ఆమెకు లేకుండా పోతుంది.

ఇంటికి రాగానే స్కూల్ లాప్‌టాప్ తెరిచి, అక్క లిస్టులో ఉన్నలాంటి అక్షరాలతోనే మూడో పేజీ కొట్టాను. అందులో ఒక్కటే నంబరు. పదమూడు. ఫెర్రెట్ ఎప్పుడూ ఇంటి యజమాని ఉండే అంతస్తులోనే ఉండాలి, ఆయన పనిచేసుకునే గదిలో అయితే మరీ మంచిది. ప్రింటు తీసి మిగతా వాటితో కలిపి పిన్ను కొట్టి, ఈ పేజీ మర్చిపోయాం డాడ్ అన్నాను. మా నాన్న కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు. అమ్మ పూజగది అంటూ లబలబలాడింది. "లిస్టులో ఉందే," అన్నాడాయన, ఇక తిరుగులేదన్నట్టు.

ఫెర్రెట్ వచ్చి ఆయన ఆఫీసు గదిలో ఏడేళ్ళు రాజ్యమేలింది. ఆయన మేజోళ్ళు ఎత్తుకెళ్ళింది, మీటింగుల మధ్యలో ఒళ్ళోకి దూకింది, గదంతా కంపు చేసింది. ఆ కంపులోనే కూర్చుని, మనవాళ్ళలో ఎవరికీ లేని జంతువు తన దగ్గరుందని వీడియో కాల్‌లో ఎడ్మంటన్ స్నేహితుడికి చూపించేవాడు. అది పైకి వచ్చాక కింది గది ఊరికే ఉంచడం దండగనిపించి, అమ్మాయిల్ని ఖాళీ చేయించలేదు. అట్ట మళ్ళీ పెట్టమని లిస్టులో నంబరు లేదు కాబట్టి, అదీ పెట్టలేదు.

ఒకరోజు అక్క సాంబారు గిన్నె తిరిగి ఇవ్వడానికి పైకి వచ్చింది. ఫ్రిజ్‌కు అంటించిన మూడు పేజీలు ఆఖరిదాకా చదివింది. నా వైపు తిరిగి, "పదమూడు మంచిగ రాసినవ్," అంది. "నువ్వే నేర్పావు కదక్కా," అన్నాను. ఆమెకు నేను తెలుగులో చెప్పిన మొదటి జవాబు అది. ఆమె నవ్వి, నా తల మీద చెయ్యి వేసి కిందికి వెళ్ళిపోయింది. చదువయ్యేదాకా ఆ నలుగురూ ఆ గదిలోనే వెచ్చగా ఉన్నారు.

మా నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆయన మీద ప్రేమ ఎన్నడూ తగ్గలేదు కానీ, ఆ చలికాలం తర్వాత గౌరవం మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు నా ఇంటి కింద కూడా ఒక గది ఉంది. అద్దెకిచ్చే ముందు నేను ఆ నేల మీద పడుకుని చూస్తాను. లేవడానికి మోకాళ్ళు సహకరించవు, మనవరాలు నవ్వుకుంటూ చెయ్యి అందిస్తుంది. కింది నుంచి ఎవరైనా "ఆంటీ, చలిగా ఉంది," అంటే చాలు, చేతిలో పని వదిలేసి మెట్లు దిగుతాను.